ఆకురంగును నీలివార్తయు

కొన్ని యేండ్లుగా మన పట్టణములలోని వస్త్రప్రదర్శనములయందు ఒక క్రొత్త వేడుక కానవచ్చుచున్నది. పట్టు ఉత్తరీయములమీదను, ఉన్నికండువలమీదను, సన్నని నూలు ఓణీలమీదను ఆకుల యచ్చులు ఈనెలతో సహా చిత్రకారుడు వ్రాసినట్లు పడియుండును. అమ్మువారు "ఇది రసాయనము తగులని రంగు, కేవలము ఆకురంగు" అని చెప్పుదురు. కొనువారు మురిసి, మిల్లుగుడ్డ కిచ్చు వెలకు ఎన్నియో యింతలిచ్చి కొనిపోవుదురు. ఇది చూచి నవ్వువారు కొందఱు, చప్పట్లు చఱచువారు కొందఱు. మేము ఈ రెండు తెగలలో దేనియందును చేరము.

ఆకునుండి రంగు తీయు విద్య ధనికుల వినోదముగా పుట్టినది కాదు. అది యీ దేశమున రైతునకును అద్దకపువానికిని తరతరములు కూడు పెట్టిన వృత్తి. అట్టి వృత్తి మరల తలయెత్తుచున్నదన్న మాకు సంతోషమే. కాని యా సంతోషము నిలువవలెనన్న రెండు ప్రశ్నలకు నిష్కపటమైన సమాధానము కావలెను. ఆకురంగని చెప్పి యమ్మునది నిజముగా ఆకురంగేనా? ఆ రంగువలన వచ్చు రాబడిలో ఆకు పండించినవానికిని, చేతులు తొట్టిలో ముంచినవానికిని ముట్టుచున్న దెంత? ఈ రెండు ప్రశ్నలను ప్రక్కకు నెట్టి సౌందర్యమును మాత్రము పొగడుట మేము చేయజాలము.

ముందుగా విషయమును తెలిసికొందము. ఆకును గుడ్డమీద ఊరక పఱచినంతమాత్రమున రంగు పట్టదు. నూలుబట్టను మొదట ఉడికించి గంజియు జిడ్డును పోగొట్టవలెను. పిదప కరక్కాయనీటను, పటికనీటను నానవేసి యాఱబెట్టవలెను. పటికలోని లోహాంశము ఒక చేత పోగును, ఒక చేత రంగును పట్టుకొని రెంటిని విడిపోకుండ కలుపును. అన్నభేది వేసినచో అదే రంగు నలుపునకు తిరుగును. ఇట్లు సిద్ధమైన బట్టపై ఆకులు పఱచి, కఱ్ఱకు గట్టిగా చుట్టి, త్రాటితో బిగించి, ఆవిరిలో గంటయో రెండు గంటలో ఉంచినచో ఆకులోని రంగు బట్టలోనికి దిగును. ఆస్ట్రేలియా దేశమున ఇండియా ఫ్లింటను కళావతి ఈ యచ్చుపద్ధతిని ప్రచారము చేసి, 2008లో నొక గ్రంథమును ప్రకటించెను. ఆమె ముఖ్యముగా వాడినది మన రైతులు జామాయిలని పిలుచు చెట్టు ఆకు. ఉన్నిమీదను పట్టుమీదను ఆ యాకు పటిక లేకయే నారింజవన్నెను, ఇటుకవన్నెను ఇచ్చును. కాగితపు మిల్లుల కొఱకు ప్రకాశము, కృష్ణా ప్రాంతములలో జామాయిలు తోటలు పెంచు భూస్వాములు కఱ్ఱను తూకము వేసి యమ్ముకొందురు; ఆకు చాలభాగము పొలముననే రాలి యెండిపోవును. దూరదేశమువారికి వన్నె యైనది మన గట్టుమీద చెత్తయై పడియున్నది.

అయినను ఆకురంగు మనకు ఆస్ట్రేలియా నేర్పిన పాఠము కాదు. గోరింట పండని చేయి మన యింట లేదు. లేత టేకాకును నలిపిన అరచేయి ఎఱ్ఱవాఱుట అడవికి పోయిన ప్రతి పిల్లవాడును ఎఱుగును. మామిడియాకు పసుపువన్నె నిచ్చును. అల్లియాకును మన అద్దకపువారు పసుపునకును, ఎఱుపును పట్టించుటకును వాడుచు వచ్చిరి. ఆ యాకు తనలో లోహాంశమును దాచుకొన్నదని నేటి శాస్త్రజ్ఞులు పరీక్షించి చెప్పుచున్నారు. మన రంగరేజులు శాస్త్రము చదువకయే ఆ సంగతి నెఱిగి ప్రవర్తించిరి. ఏటికొప్పాక లక్కబొమ్మలకు ప్రసిద్ధమైన అంకుడు కఱ్ఱను ఎఱుగనివా రుండరు. ఆ చెట్టు ఆకునుండి నీలిరంగు వచ్చునని ఎఱిగినవారు మాత్రము అరుదు. వృక్షశాస్త్రజ్ఞులు దానికి పెట్టిన లాటిను పేరులోనే 'రంగు వేయునది' యను నర్థము కలదు.

ఆకురంగులలో రాజు నీలి. దాని ఆకులో నీలము కంటికి కానరాదు. కోసిన కొమ్మలను తొట్టిలో వేసి నీరు పెట్టి కొన్ని గంటలు ఊఱనిచ్చినచో, పులియుటవలన ఆకులోని సారము నీటిలోనికి దిగును. ఆ నీటిని వేఱొక తొట్టిలోనికి వదలి, గాలి తగులునట్లు కాళ్లతోనో తెడ్లతోనో చిలికినప్పుడు ఆకుపచ్చనినీరు నీలమై, రంగు అడుగున పేరుకొనును. దానిని వడకట్టి, కాచి, అచ్చులలో బిళ్లలుగా ఆఱబెట్టుదురు. నూఱు కిలోల పచ్చి కొమ్మాకునుండి అరకిలోకు లోపడిన నీలిమందే వచ్చును. ఆ బిళ్ల నీటిలో కరగదు గనుక రంగరేజు దానిని సున్నముతోను, చౌటినీటితోను, ఉడికించిన తగిరస గింజలతోను కలిపి కుండలో మరల పులియబెట్టును. పండిన కుండలో ముంచి తీసిన నూలు మొదట పసుపుపచ్చగా నుండి, గాలి తగిలిన కొలది ఆకుపచ్చయై, చూచుచుండగానే నీలమగును. కుండ వాసననుబట్టియు, నుఱుగునుబట్టియు, నాలుకకు తగులు రుచినిబట్టియు అది పండినదో లేదో తేల్చువాడు శాస్త్రజ్ఞుడు కాక మఱేమి? వానిని పామరుడని పిలిచినది మన చదువుల గర్వము.

ఈ విద్యవలన మన తీరము ప్రపంచమున పేరుకెక్కినది. గోల్కొండ సుల్తానుల నాట మచిలీబందరు అద్దకములు పారసీకమునకును, తూర్పుదీవులకును, ఐరోపాకును ఓడలెక్కెను. 1611లో ఆంగ్లవర్తకులు మచిలీబందరున దిగుటకు ముఖ్యకారణ మీ గుడ్డలే. ఆ గుడ్డల యెఱుపు చిరివేరుది. కృష్ణాముఖమున గుల్లసున్నము కలిసిన యిసుకనేలలో పెరిగిన వేరు మిక్కిలి మేలైనదని వర్తకులు పోటీపడి కొనెడివారు. 1742లో పుదుచ్చేరినుండి కూర్దూ అను ఫ్రెంచిపాదిరి, ఇచటి అద్దకపువారు గుడ్డను ఎట్లు ఉడికింతురో, కరక్కాయను పాలను ఎట్లు వాడుదురో, పటికను ఎప్పుడు వేయుదురో అడిగి తెలిసికొని, సమస్తమును తన దేశమునకు వ్రాసి పంపెను. విద్య అట్లు ఓడ యెక్కినది. నేర్పినవానికి దమ్మిడీ ముట్టలేదు.

అంతకు ముందే ఆ దేశములు మన గుడ్డలను చూచి బెదరినవి. ఫ్రాన్సు 1686 మొదలు 1759 వఱకు అద్దకపు గుడ్డలను నిషేధించినది. ఇంగ్లండు 1700లో దిగుమతి మాన్పించి, 1721లో ధరించుటనే నేరము చేసినది. తమ నేతగాండ్రను కాపాడుకొనుటకై యిట్లు తలుపులు మూసికొన్నవారే, తమ యంత్రములు సిద్ధమైన పిదప మనకు స్వేచ్ఛావాణిజ్యమును బోధించిరి. ఈ సంగతి ప్రతి పౌరుడును జ్ఞప్తియం దుంచుకొనదగినది. పగ కొఱకు గాదు, జాగ్రత్త కొఱకు.

పిమ్మట రసాయనశాస్త్రము రంగమున ప్రవేశించినది. 1856లో పదునెనిమిదేండ్ల యాంగ్లబాలుడు పెర్కిను, చలిజ్వరపు మందైన క్వినైనును చేయబోయి, తారునుండి వచ్చిన పదార్థములో ఊదారంగును కనిపెట్టెను. 1868లో గ్రేబె, లీబెర్మను అను జర్మనులు చిరివేరులోను మంజిష్ఠజాతి వేళ్లలోను ఉండు ఎఱుపుసారమునే ప్రయోగశాలలో సృష్టించిరి. 1897లో జర్మనీ కర్మాగారపు నీలి బజారుకు వచ్చెను. ఆ యేట లోకమున ఆకునుండి తీసిన నీలి సుమారు 19,000 టన్నులు. 1914 నాటికి అది 1,000 టన్నులకు పడిపోయెను. కడప, కర్నూలు, నెల్లూరు మండలములలో నీలితొట్లు ఎండినవి. మొదటి ప్రపంచయుద్ధమున జర్మనీ సరకు ఆగినప్పుడు ఆకునీలికి మరల కొంత గిరాకి కలిగెను గాని, యుద్ధముతోనే యదియు ముగిసెను.

ఈ కథను చెప్పునప్పుడు కొందఱు రసాయనశాస్త్రమును రాక్షసినిగా చిత్రింతురు. మాకది సమ్మతము కాదు. చౌకరంగు వచ్చినందున పేదరాలికిని రంగుచీర దొరకినది. ప్రయోగశాలలో కష్టపడిన పండితులు మన రంగరేజుమీద కుట్ర చేయలేదు. చిత్రమేమన, మన నేతగాండ్రే క్రొత్తయెఱుపును తమ పాతవిద్యలో కలుపుకొనిరి. చీరాలలోను, నల్లగొండ ప్రాంతపు పుట్టపాకలోను నేసిన తేలియా రుమాలును చూడుడు. ఆముదపుకాయల బూడిదనీటను, నూనెను నూలునకు దినములతరబడి పట్టించుట పాతపద్ధతి. దానిపై వేసిన యెఱుపు చాలకాలముగా కర్మాగారపు టెఱుపు. ఆ రుమాళ్లు అరబ్బుదేశములకును ఆఫ్రికాకును పోయి తలపాగలైనవి. 2020లో తెలంగాణపు తేలియా రుమాలునకు భౌగోళిక గుర్తింపు లభించినది. కావున పాతది యంతయు పవిత్రము, క్రొత్తది యంతయు అపవిత్రము అను తీర్పు చరిత్ర యెదుట నిలువదు.

ఇంకొక సంగతి కలదు. భూస్వాములగు పాఠకులు దానిని ప్రత్యేకముగా ఆలోచింపవలెను. ఆకురంగు చరిత్రలో మిక్కిలి నల్లని పుట నీలిదే. వంగదేశమున తోటదొరలు రైతునకు బయానా అంటగట్టి, వరి పండవలసిన నేలలో బలవంతముగా నీలి వేయించిరి. 1859లో ఆ రైతులు తిరుగబడిరి. 1860లో దీనబంధుమిత్రుని నీలదర్పణ నాటకము వెలువడెను. దాని యాంగ్లానువాదమును ప్రకటించిన నేరమునకు జేమ్సు లాంగు అను పాదిరికి 1861లో ఒక నెల చెఱయు, వేయిరూపాయల జుల్మానాయు విధించిరి. ఆ జుల్మానాను కాళీప్రసన్నసింహుడు న్యాయస్థానముననే చెల్లించెను. చంపారణ్యమున ప్రతి యిరువది కట్టల నేలలో మూడు కట్టలు రైతు నీలి వేసి తీరవలెనను కట్టడి యుండెను. జర్మనీ నీలివలన వెల పడిపోయినప్పుడు దొరలు ఆ నష్టమును తాము భరింపలేదు. నీలి వేయు బాధ్యతనుండి విడుదల చేయుదుమను నెపమున శిస్తులు పెంచియు, రొక్కము గుంజియు రైతుమీదనే త్రోసిరి. రాజకుమార శుక్లా అను రైతు వెంటబడి పిలువగా 1917లో గాంధీజీ అచటికి పోయెను; 1918లో ఆ కట్టడి శాసనముచే రద్దయ్యెను.

ఆ నీలిలో రసాయనము లేదు. అది శుద్ధమైన ఆకురంగే. అయినను అందులో రైతు కన్నీరు కలిసినది. ప్రకృతిసిద్ధమైన ప్రతిదియు ధర్మసిద్ధము కాదని చెప్పుటకు ఇంతకంటె నిదర్శన మేమి కావలెను? నేడు మరల ఆకురంగు పైరు వేయింప దలచువారు ఈ పాఠమును మఱచి, వెల నిర్ణయింపక పైరు వేయించి, కోతనాట బేరము చేసినచో, దొర మాఱెనే గాని దొరతనము మాఱలేదని లోకము చెప్పును.

రసాయనరంగులవలన కలిగిన కీడును కూడ మేము దాచము. తమిళనాట తిరుప్పూరు అద్దకపు పనివలన నొయ్యలుయేరు పాడైనది. దానికి అడ్డముగా కట్టిన ఒరత్తుపాళయము జలాశయము పొలములకు నీరీయవలసినది పోయి, రంగునీటి మడుగైనది. రైతులు న్యాయస్థానమునకు పోగా, వ్యర్థజలమును బయటికి వదలరాదన్న యాజ్ఞను పాటింపని అద్దకపు కర్మాగారములను మూయవలసినదని 2011 జనవరిలో మద్రాసు ఉన్నతన్యాయస్థానము ఆదేశించెను. శరీరమునకు పుండుకురుపు వ్యాధిని తెచ్చు పదార్థములుగా విడిపోగల కొన్ని రంగులను జర్మనీ 1994లో నిషేధించెను. 1997 నాటికి మన ప్రభుత్వము అట్టి రంగులను 112 లెక్కించి నిషేధించెను. చౌకరంగు చౌకగా నున్నది. ఏల ననగా దాని వెలలో ఏటినీటి వెల కలియలేదు. ఆ వెలను దిగువనున్న రైతు చెల్లించెను.

అయితే ఆకురంగు మాత్రము మచ్చలేనిదా? రంగు పట్టించుటకై తగరము, రాగి, క్రోమియముల యుప్పులు వాడువారు కలరు. క్రోమియపు టుప్పు మహావిషము. దానిని ఆకుకషాయముతో కలిపి వాడి, మిగిలిన నీటిని కాలువలో పోసినవాడు తన గుడ్డను 'ప్రకృతిరంగు' అని పిలుచుకొనుట సిగ్గుమాలిన పని. పటికయు, ఇనుమును బెల్లమును కలిపి పులియబెట్టిన కసిమియు చాలు. శ్రీకాళహస్తి కలమునకు ఆ కసిమియే నలుపు నిచ్చినది. మఱియు పసుపుకొమ్ము రంగు ఎండకు వెలియును. నీలియు చిరివేరును నిలుచును. ఈ భేదమును చెప్పక అన్నింటిని ఒకే వెలకు అమ్ముట మోసము. కషాయములు కాచుటకు వంటచెఱకు కావలెను. ఆకు పండుటకు నేల కావలెను. లోకమంతయు ధరించు బట్టకు ఆకురంగు చాలదు, చాలునని వాదించుటయు తగదు. దాని స్థానము పరిమితమైనది. కాని యా పరిమితస్థానములోనే కొన్నివేల కుటుంబములు గౌరవముగా బ్రతుకగలవు.

ఇక మొదటి ప్రశ్నకు వత్తము. మన భాషలో నీలివార్త యను మాట కలదు. తొట్టిలో నీలి పండక చెడినప్పుడు రంగరేజులు ఊరిలో ఏదో యొక యబద్ధపు కబురు పుట్టింతురనియు, అది వ్యాపించిన కొలది నీలి పండుననియు ఒక నమ్మిక యుండెడిది. ఆ కబురులకే నీలివార్తలని పేరు వచ్చినదని పెద్దలు చెప్పుదురు. పాపము, ఆ రంగరేజు అబద్ధము చెప్పినను, నీలి మాత్రము నిజమైనదే వేసెను. నేటి బజారులో తలక్రిందు లైనది. వార్తయే నీలిది, నీలి మాత్రము కర్మాగారపుది. పెడనలో కొయ్యయచ్చులతో, కరక్కాయతో, కాలువనీటితో శ్రమపడి పనిచేయువారు నేటికిని కలరు. వారు దినములతరబడి చేయు పనిని, తెరయచ్చుతో రసాయనపు రంగు వేసి కొన్ని గంటలలో అనుకరించి, అదే పేరుతో అమ్మువారును కలరు. చౌకగుడ్డను చౌకగుడ్డ యని చెప్పి యమ్మిన మాకు ఆక్షేపణ లేదు. అదియు కొందఱికి జీవనమే. దానిపై కలంకారీ యను పేరును, ఆకురంగను బిరుదును తగిలించుటయే ఆక్షేపణీయము. మోసపోయిన కొనుగోలుదారు ఒకమాఱు నష్టపడును. ఆ మోసమునకు బలియైన అద్దకపువాడు జన్మమంతయు నష్టపడును.

"అసలుదో నకిలీదో ఎవరు తేల్చగలరు?" అని నిస్పృహ చెందువారు కలరు. తేల్చవచ్చును. బ్రతికిన మొక్క గాలినుండి గ్రహించిన కర్బనములో 14 సంఖ్యగల యొక జాతి అణువు స్వల్పముగా నుండును. కోట్ల యేండ్లు భూగర్భమున నుండిన రాతినూనెలో అది నశించిపోయియుండును. కావున ఆకునీలికిని, రాతినూనెనుండి చేసిన నీలికిని భేదమును ప్రయోగశాల నిర్ధారణ చేయగలదు. ఏ రసాయనశాస్త్రము ఆకురంగును పడగొట్టెనో, అదియే నేడు దాని పక్షమున సాక్ష్యము చెప్ప సిద్ధముగా నున్నది. సాక్షిని పిలువనిది మనమే.

మచిలీపట్నపు కలంకారీకిని, శ్రీకాళహస్తి కలంకారీకిని చట్టరీత్యా భౌగోళిక గుర్తింపు కలదు. 1999 నాటి చట్టము 2003లో అమలునకు వచ్చినది. ఆ గుర్తింపు కాగితము గోడమీద వ్రేలాడుటకు గాదు. పేరు దొంగిలించువానిపై చర్య తీసికొనవలసినదెవరు? పేద అద్దకపువాడు వకీలును పెట్టి దూరనగరములలో వ్యాజ్యమాడగలడా? ఆ భారము ప్రభుత్వముపై నుండవలెను. స్వరాజ్యము వచ్చిన పిదప 1952లో అఖిలభారత హస్తకళల మండలి ఏర్పడి, కమలాదేవీ ఛట్టోపాధ్యాయగారి నాయకత్వమున అంతరింపనున్న విద్యల నెన్నింటినో వెదకి నిలువబెట్టినది. శ్రీకాళహస్తిలో అద్దకమును నేర్పు శిక్షణకేంద్రము 1957లో వెలసినది. ఆ వూరి జొన్నలగడ్డ గురప్పశెట్టిగారు 2008లో పద్మశ్రీ బిరుదమందుట ఆ పూనికకు ఫలమే. ఆ మండలిని 2020లో రద్దు చేసిరి. మండలులు చాలినంత పని చేయుటలేదన్న విమర్శలో నిజముండవచ్చును. పనిచేయనిదానిని బాగుచేయుటయు, తీసివేయుటయు ఒక్కటి కాదు. దాని పనిని నేడు చేయువారెవరో కళాకారునకు తెలిసియుండవలెను.

కర్తవ్య మేమనగా చెప్పుదుము. భూస్వాములు నీలిని వరిపొలమును త్రోసివేయు పైరుగా గాక, మెట్టచేలలో పంటమార్పిడి పైరుగా తలపవచ్చును. అది కాయజాతి మొక్క. నేలకు సత్తువ నిచ్చును. రంగు తీసిన పిదప మిగిలిన యాకు మేలైన యెరువగును. తమిళనాటను రాయలసీమను కొందఱు రైతులు నేటికిని దానిని వేయుచునే యున్నారు. అయితే విత్తు నాటకముందే వెల కాగితమున వ్రాయబడవలెను. ఆకు తూకమునకు మాత్రమే గాక, అందులోని రంగుపాలునకును వెల కట్టవలెను. కౌలురైతు వేసినచో ఆ వెలలో అతని వాటా స్పష్టముగా నుండవలెను. ఎవ్వని నేలలోను ఎవ్వడును బలవంతముగా వేయింపరాదు. చంపారణ్యము మనకు నేర్పిన కనీసధర్మ మిది. కరక్కాయ అడవిలో ఏరు గిరిజనుని మఱువరాదు. అట్టి సరకును కొనుటకే 1956లో గిరిజన సహకార సంస్థ ఏర్పడినది. పట్టణపు ఆకురంగు వ్యాపారులు దళారిని గాక ఆ సంస్థను ఆశ్రయించినచో, ఏరినవానికి న్యాయమైన వెల దక్కు మార్గము సుగమమగును.

అద్దకపు పనివారు తమ సరకుపై మూడు మాటలు వ్రాయుదురు గాక: ఏ మొక్క, ఏ లోహపు టుప్పు, ఎవరి చేయి. దాచుట చేతగానివాని లక్షణము. తన విద్యయందు ధైర్యము కలవాడు చెప్పి యమ్మును. ఒక్కొక్క కుటుంబము వేఱువేఱుగా ప్రయోగశాలకు పోజాలదు గనుక, సహకారసంఘములుగా కూడి పరీక్ష చేయించుకొని ఉమ్మడిముద్ర వేసికొనవలెను.

పట్టణవాసులు చేయదగినది సులభమైనది. కొనునప్పుడు ఆ మూడు మాటలనే యడుగుడు. సమాధానము తడబడినచో కొనకుడు. రెండు ఉత్తరీయములు ఒకే తీరున లేవని అలుగకుడు. ఏ రెండు ఆకులును ఒకే తీరున నుండవు గదా! కుంకుడునురుగుతో ఉదికి, నీడ నాఱబెట్టుడు. వేడుకగా పది కొనుటకంటె నిజమైనది ఒకటి కొని పదియేండ్లు ధరించుడు. ఇది పేదవానికి చేయు బోధ కాదు. వాని ధనము వాని కూటికే చాలదు. విలాసమునకు వెల యిచ్చుచున్నవారు ఆ వెల ఎవరికి చేరుచున్నదో యడుగుటకు బద్ధులని మాత్రమే మేము చెప్పుచున్నాము.

మన పూర్వుల రంగును ఒకప్పుడు పరాయిశాసనములు అడ్డగించినవి. ఒకప్పుడు పరాయియంత్రము ఓడించినది. ఆ రెంటిని మించి బ్రతికి వచ్చిన విద్యను మన బజారు అబద్ధము చంపినచో, ఆ నింద మోపుటకు మనకు పరాయివా డెవ్వడును దొరకడు. ఆకు తన రంగును దాచుకొనును గాని, అబద్ధమాడదు. గాలి తగిలినప్పుడు ఉన్న వన్నెను చూపును. దానిని అమ్మువారును, కొనువారును, పండించువారును అదే ధర్మమును పాటించినచో, ఈ వేడుక వృత్తియై నిలుచును. లేనిచో మఱియొక నీలివార్తయై పోవును.